ఎర్ర బొత్తాం మీద టేపు

"దేవుడు దీనికి నోరిచ్చాడు గానీ మూత ఇవ్వడం మర్చిపోయాడు" అని మా అమ్మ నా గురించి ఊరంతా చెప్పుకునేది. ఆ మూతలేని నోటితోనే నేను అన్నం తింటున్నాను, దాంతోనే అన్నం సంపాదించుకుంటున్నాను. స్టేజీ మేనేజరు పనంటే అదే మరి. ఆడేవాళ్లు వెలుగులో ఉంటారు. నేను చీకట్లో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుని ఎప్పుడు లైటు వెయ్యాలో, ఎప్పుడు పాట ఎత్తుకోవాలో, ఎప్పుడు తెర దించాలో చెబుతాను. నేను "గో" అంటే అన్నీ కదులుతాయి, అనకపోతే ఏదీ కదలదు. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది. నాకు కాస్త కాదు, బాగానే ఎక్కింది. కుర్రాళ్లు నన్ను వెనకాల హెడ్మాస్టరమ్మ అంటారని తెలుసు. తెలిసి సంతోషించేదాన్ని కూడా.

ఈసారి ఒప్పుకున్న పని మానవ హక్కుల కళోత్సవం. ఒకే వీధిలో మూడు వేదికలు. పాత గోదాములో నాటకాలు, ఎదురుగా ఉన్న బడి వ్యాయామశాలలో నృత్యం, వీధి చివర లైబ్రరీ మేడమీద పాటలు. జనం ఒకచోట చూసి, నడుచుకుంటూ రెండోచోటికి, అక్కణ్నుంచి మూడోచోటికి వెళ్లాలి. గోదాములో ఆలస్యమైతే అవతల డాన్సర్ల ఒళ్లు చల్లబడిపోతుంది. అక్కడ ఆలస్యమైతే లైబ్రరీ వాచ్‌మన్ గుమ్మంలో నిలబడి తాళాల గుత్తి ఆడిస్తాడు. గోదాము వెనక ప్లైవుడ్ చెక్కలతో కట్టిన గూట్లో కూర్చుని ఈ మూడింటినీ నేను నడపాలి.

సౌండు మా తమ్ముడు చూస్తాడు. వరసకి కాదు, సొంత తమ్ముడే. పనిలో నన్ను భరించగలిగేది వాడొక్కడే.

మొదటి మీటింగులో లేచి గొడవ చేసింది నేనే. "చూపులేనివాళ్లు కూడా వస్తారు. ఇయర్‌ఫోన్లు ఇచ్చి, స్టేజీ మీద ఏం జరుగుతోందో ఒకమ్మాయి మైకులో చెబుతుంటుంది. బాగానే ఉంది. నిప్పంటుకుంటే? చూపున్నవాళ్లు తలుపు వెతుక్కుని పారిపోతారు. వీళ్లకి చెప్పేదెవరు? అందరికంటే ముందు వాళ్ల చెవుల్లో నా గొంతు పడాలి" అన్నాను. డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. హక్కులంటే ఇదీ, నేర్చుకోండి అని మిగతావాళ్లకి చెప్పారు. ఆ రోజంతా నన్ను చూసి నేనే మురిసిపోయాను.

తమ్ముడు నేనడిగినట్టే తయారుచేశాడు. ఒక చిన్న పెట్టె, దాని మీద రెండు బొత్తాలు. ఆకుపచ్చది నొక్కితే నేను ఎంచుకున్న వేదికలోని మనవాళ్లకి మాత్రమే వినపడుతుంది. ఏ వేదికో ఎంచుకోవడానికి పక్కన ఒక మీట. ఎర్రది నొక్కితే మూడుచోట్లా మనవాళ్లందరికీ, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ప్రేక్షకులకీ ఒకేసారి వినపడుతుంది.

"అక్కా, ఎర్రది ప్రమాదానికి మాత్రమే. నువ్వడిగిందే" అన్నాడు.

"నాకు పాఠాలు చెప్పకురా. నీకు ప్లగ్గు పెట్టడం నేర్పింది నేను."

"నేర్పావులే. అప్పుడే షాక్ కొట్టింది కూడా."

మొదటిరోజు మధ్యాహ్నమే ఆ మీటతో విసుగెత్తిపోయింది. వ్యాయామశాలకి ఒక మాట, మీట తిప్పు. లైబ్రరీకి ఒక మాట, మళ్లీ తిప్పు. ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో టార్చి, మీట తిప్పడానికి మూడో చెయ్యి ఎక్కణ్నుంచి తేను? మా వృత్తిలో టేపుతో తీరని కష్టం లేదంటారు. తెర చిరిగితే టేపు, చెప్పు తెగితే టేపు, నటుడికి మీసం ఊడితే టేపు. నల్లటేపు ముక్క ఒకటి చింపి ఎర్ర బొత్తాన్ని నొక్కి అతికించేశాను. ఇంకేం, నా గొంతు మూడుచోట్లకీ గలగలా పారింది. పని హాయిగా సాగింది. ఇయర్‌ఫోన్ల సంగతి నాకు గుర్తే లేదు. మీటింగులో చప్పట్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

సాయంత్రం గోదాములో పెద్దమ్మ అంకం. మేమంతా ఆవిణ్ని అలాగే పిలిచేవాళ్లం. ఆవిడ నటి కాదు. పరాయిచోట ఒక ఇంట్లో పనికి కుదిరి, ఆ ఇంటివాళ్లు బయటినుంచి తాళం వేసుకుని పోతుంటే ఏళ్లకేళ్లు లోపలే ఉండిపోయిన మనిషి. స్టేజీ మీద ఒక ఇస్త్రీబల్ల, నిజంగా కాలే ఇస్త్రీపెట్టె, ఒక తెల్లచొక్కా. చొక్కా ఇస్త్రీ చేస్తూ తన కథ చెబుతుంది. కాలరు, తర్వాత చేతులు, తర్వాత వీపు. అయిపోగానే పెట్టెని నిలబెడుతుంది. అదే నాకు సైగ. పెట్టె నిలబెట్టగానే లైటు తగ్గించాలి.

ఆటకి ముందు ఆవిడ నా గూటి దగ్గరికొచ్చింది.

"ఇవాళ మా అమ్మాయి వస్తోంది తల్లీ. దానికి కళ్లు కనపడవు. ముందు వరసలో కూర్చోబెడతామన్నారు."

"మంచిది పెద్దమ్మా. తెల్లగీత దాటి ముందుకి రాకండి, వైరు తగులుతుంది."

"తాళం వేసేవారని తప్ప ఇదంతా దానికి నేనెప్పుడూ చెప్పలేదమ్మా. మా అమ్మ దగ్గర పెరిగింది. అమ్మ పనిలో పడి మనల్ని మర్చిపోయిందనే అనుకుంది చాన్నాళ్లు. ఇవాళ మొదటిసారి వింటుంది. విన్నాక ఛీ అందంటే రేపు నేను ఎక్కను. నన్ను బలవంతం చెయ్యకండి."

"అలాగే, అలాగే. టైము మాత్రం చూసుకోండి" అన్నాను, కాయితాల్లోంచి తలెత్తకుండా.

ఆవిడ చెప్పింది నా చెవిలో పడింది గానీ బుర్రలోకి పోలేదు. అవతల ఒక డాన్సరుకి కాలు బెణికిందని కబురొచ్చింది. నా ధ్యాసంతా అటే ఉంది.

అంకం మొదలైంది. కాలరు అయింది, చేతులు అయ్యాయి, వీపు అయింది. "రెడీ" అన్నాను. లైట్ల కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు. పెద్దమ్మ పెట్టె నిలబెట్టలేదు. అయిపోయిన చొక్కానే తిప్పి మళ్లీ కాలరు దగ్గర మొదలెట్టింది. రిహార్సల్లో ఎన్నడూ చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ చెబుతోంది. వ్యాయామశాలనుంచి "అక్కా, ఇంకెంతసేపు?" అని ఒకటే పోరు.

నా నోరు తెరుచుకుంది.

"ఏవిటీవిడ మళ్లీ మొదలెట్టింది? ఇది ఇస్త్రీయా, పురాణమా? రిహార్సల్లో లేని ఏడుపు ఇప్పుడెక్కణ్నుంచి తెచ్చిందట! కూతురొచ్చిందని ఆవిడ ముచ్చట ఆవిడది, చావు మనది. అవతల పిల్లలు కట్టెల్లా బిగుసుకుపోతున్నారు. జాలికైనా ఒక హద్దుంటుంది బాబూ. జనం ఈవిడ కష్టం చూసి పోదామని వచ్చారు గానీ కాపురం పెట్టడానికి రాలేదు. లైట్లు, తగ్గించెయ్. అర్థం చేసుకుని దిగుతుంది."

"అక్కా, ఆవిడింకా మాట్లాడుతున్నారు" అన్నాడు లైట్ల కుర్రాడు.

"మాట్లాడనీ. గో."

"ఒకరోజు వాళ్లు హడావుడిగా పోయారు. పోతూ పోతూ తలుపు..." అంటోంది పెద్దమ్మ. వెలుగు సన్నగిల్లింది. ఆవిడ తలెత్తి పైన లైటు వంక చూసింది. తప్పు చేసి దొరికిపోయినట్టు గబగబా పెట్టె నిలబెట్టేసింది. చీకటి పడింది. జనం చప్పట్లు కొట్టారు. అవతల డాన్సు సరైన సమయానికి మొదలైంది. నా భుజం నేనే తట్టుకున్నాను.

అప్పుడొచ్చాడు తమ్ముడు, హెడ్‌సెట్ మెడలో వేలాడేసుకుని. "అక్కా, గోదాము తిట్లు వ్యాయామశాలలో ఎందుకు వినపడుతున్నాయి? నువ్వు మీట..." అంటూనే ఆగిపోయాడు. వాడి చూపు బొత్తాల పెట్టె మీద పడింది. వేలితో టేపు ముక్క తాకాడు.

"ఇవాళ ఇయర్‌ఫోన్లు ఎంతమందికి ఇచ్చారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

వర్ణన చెప్పే అమ్మాయిని అడిగాడు. ఆ అమ్మాయి మైకులోకి మాట్లాడుతుందే గానీ ఇయర్‌ఫోన్లలో ఏం వస్తోందో తనకి వినపడదు. "ఒక్కరికే అన్నా. పెద్దమ్మగారి అమ్మాయికి" అంది నవ్వుతూ.

తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్క మాటే వెనక్కి తిరిగొచ్చి నా చెవిలో పడుతోంది. పురాణమా. ఎక్కణ్నుంచి తెచ్చిందట. కాపురం పెట్టడానికి రాలేదు. తల్లి నోట తన కథ మొదటిసారి వింటున్న పిల్లకి, ఆ తల్లి గొంతు మీదుగా నేను పోసిన విషం అది. ఆ పిల్లకి లైటు తగ్గడం కనపడదు. తగ్గించమన్న నా మాట వినపడింది, తల్లి మాట సగంలో ఆగడం వినపడింది. నోరా, వీపుకి దెబ్బలు తేకే అని ఊరికే అనలేదు. ఇక్కడ నోరు నాది, దెబ్బ తిన్నది ఆ పిల్ల.

పరిగెత్తాను. ఏం చెప్పాలో తెలియదు. కాళ్ల మీద పడాలో, బొంకాలో తెలియదు. గోదాము ముందుగదిలో పెద్దమ్మ ఎదురొచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టేసుకుంది. ఇస్త్రీపెట్టె వేడి ఇంకా ఆవిడ అరచేతుల్లో ఉంది.

"నీకు వెయ్యి దణ్ణాలు తల్లీ! నువ్వు నా గురించి ఎన్ని మంచిమాటలు చెప్పావటే దీని చెవిలో! ఇప్పుడే చెప్పింది. మీ అమ్మ ఎంత ధైర్యంగా నిలబడిందో అన్నావట!"

నేను కూతురి మొహం చూశాను. ఇరవై దాటిన పిల్ల. నా అడుగుల చప్పుడు వినపడ్డవైపు మొహం తిప్పి, ఇయర్‌ఫోన్ తీగని వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది.

"నా చెవులతో కూడా వింటానమ్మా. ఏమన్నావో ఒకసారి మళ్లీ చెప్పు" అంది పెద్దమ్మ.

మూతలేని నోరు నాది. ఆ క్షణాన ఒక్క మాట రాలేదు. భూమి నోరు తెరిస్తే అందులోకి దూకేసేదాన్ని.

"చేతులు వణకలేదన్నారు కదా మేడమ్" అంది ఆ పిల్ల, మెల్లగా. నాకు అందించింది మాట. నటుడు మర్చిపోతే తెరవెనకనుంచి మేం అందిస్తామే, అలా.

"అవును... చేతులు వణకలేదన్నాను."

"జనం ఊపిరి బిగబట్టి వింటున్నారన్నారు."

"అన్నాను. ఊపిరి బిగబట్టారన్నాను."

పెద్దమ్మ కళ్లు ఒకసారి కూతురి వేళ్ల మీదికి పోయి, మళ్లీ నా మొహం మీదికి వచ్చాయి. "చాలమ్మా. రేపు కూడా ఎక్కుతా" అంది. ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టి, "ఇవి మీవే కదూ" అని మాత్రం అంది.

ఇంటికి పోతుంటే తమ్ముడి బండి వెనక కూర్చున్నాను. చివరికి నేనే, "తిట్టరా, పోనీ" అన్నాను.

"నిన్ను తిట్టే ఓపిక నాకెక్కడిది? నువ్వే తిట్టుకుంటున్నావుగా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల ఒంటరిగా కనపడింది. స్టేజీ సర్దుతున్న చప్పుళ్లు వింటూ ముందు వరసలో కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఎవరో అడక్కుండానే గుర్తుపట్టింది.

"క్షమించమని అడగడానికి మొహం లేదమ్మా. అయినా అడుగుతున్నాను. మీ అమ్మగారికి కూడా నిజం చెప్పేసి, కాళ్లు పట్టుకుంటాను. ఆవిడ దణ్ణాలు మోయడం నావల్ల కావట్లేదు."

"చెప్పేస్తే మీకు తేలికవుతుంది" అంది.

"అవును."

"మా అమ్మకి?"

నేను స్టేజీ మీది ఇస్త్రీబల్ల వంక చూశాను.

"నేను ఛీ అంటానేమోనని నిన్న మా అమ్మ రోజంతా అన్నం తినలేదు. దిగి రాగానే అదే అడిగింది, వాళ్లేమన్నారే నీ చెవిలో అని. ఆ మాటలు నా నోటితో ఎలా అనమంటారు? మీకు సిగ్గుగా ఉంటే ఉండనివ్వండి మేడమ్. మీరే మొయ్యండి. దాన్ని దించుకోవడానికి మా అమ్మ భుజం వెతక్కండి."

కేకలు వేసినా బాగుండేది. వెయ్యలేదు.

"నేను అబద్ధం చెప్పాను. ఇవాళ దాన్ని నిజం చెయ్యండి" అంది మళ్లీ తనే. "మా అమ్మని మాట పూర్తిచెయ్యనివ్వండి. వర్ణన మీరే చెప్పండి. పెద్దగా ఏం వద్దు, ఎటు చూస్తోందో చెబితే చాలు."

ఆ సాయంత్రం టేపు పీకేశాను. దాని జిగురు బొత్తానికి అంటుకుని గోటితో గీకినా పోలేదు. వర్ణన చెప్పే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, అవసరమైనప్పుడల్లా ఎర్ర బొత్తాం వేలితో నొక్కి, ఆ జిగురు తగులుతుంటే, మాట్లాడాను. "నీలంచీర కట్టుకుంది. తెల్లగీత వెనకే నిలబడింది. కాలరు మీద పెట్టె పెట్టింది. నీవైపు చూడట్లేదు, చొక్కా వంక చూస్తోంది." మూడు వేదికల్లోని మావాళ్లూ విన్నారు. వినాలనే నొక్కాను.

చొక్కా అయిపోయింది. పెద్దమ్మ లైటు వంక ఒకసారి చూసింది. అది అలాగే వెలుగుతోంది. చొక్కా తిప్పి మళ్లీ కాలరు దగ్గర మొదలెట్టింది.

"ఒకరోజు వాళ్లు హడావుడిగా పోయారు. పోతూ పోతూ తలుపు తాళం వెయ్యడం మర్చిపోయారు. నేను తలుపు లాగి చూశాను. వచ్చేసింది. మెట్లు కనపడ్డాయి. వీధి కనపడింది." పెట్టె ఆగింది. "నేను పోలేదు. బుట్టెడు బట్టలు మిగిలిపోయాయి, వాళ్లొచ్చేసరికి ఇస్త్రీ అవకపోతే తిడతారని... తలుపు మూసేసి లోపలికొచ్చి ఇస్త్రీ చేసుకున్నా. ఎందుకు రాలేదమ్మా అని నా కూతురు ఎప్పుడడిగినా తాళం ఉందనే చెప్పాను. ఆ ఒక్కరోజు తాళం లేదు."

లైట్ల కుర్రాడు నా మొహం వంక చూశాడు. వ్యాయామశాలనుంచి పోరు మొదలైంది. "అక్కా, ఇంకెంతసేపు?"

"ఎంతసేపైతే అంతసేపు" అన్నాను. బొత్తాం నొక్కే ఉంది. "లైటు వెలుగుతోంది. మీ అమ్మ చొక్కా వదిలేసింది. నీవైపే చూస్తోంది. ఇప్పుడు నీవైపే."

ముందు వరసలో ఆ పిల్ల లేచి నిలబడింది. మొహం తల్లివైపు పెట్టి నిలబడింది, అంతే. పెద్దమ్మ పెట్టెని నిలబెట్టింది. అప్పుడు, చాలాసేపటికి, "గో" అన్నాను.

జనం వెళ్లాక స్టేజీ మీద ఇస్త్రీపెట్టె తీగ చుడుతున్నాను. పెద్దమ్మ వచ్చి రెండో కొస అందుకుంది. కూతురు దూరంగా తమ్ముడితో మాట్లాడుతోంది.

"నిన్న లైటు నేనే తీయించాను పెద్దమ్మా" అన్నాను. అంతవరకైనా చెప్పకుండా ఉండలేకపోయాను.

"తెలుసు తల్లీ."

తీగ చుట్టడం ఆపలేదు ఆవిడ.

"ఇళ్లల్లో పనిచేసినదాన్ని. గోడవతల ఎవరు విసుక్కుంటున్నారో మాట వినకుండానే తెలుస్తుంది. పైగా మా పిల్ల అబద్ధమాడితే చేతిలో ఏదుంటే అది వేలికి చుట్టుకుంటుంది, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వేమన్నావో నాకు తెలీదు. మంచిమాటలు మాత్రం కాదని తెలుసు."

"మరి... మరి నిన్న నాచేత ఆ మాటలు మళ్లీ ఎందుకు చెప్పించారు?"

"దాని అబద్ధం నిలబడాలి కదమ్మా. నా కోసం ఆడింది." చుట్టిన తీగ నా చేతిలో పెట్టింది. "నాకు తెలుసని దానికి తెలియనివ్వకు. పాపం, సిగ్గుపడుతుంది."

కూతురు "అమ్మా, పోదామా?" అని పిలిచింది. పెద్దమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర ఇద్దరూ నావైపు తిరిగి దణ్ణం పెట్టారు. నేను తీగ పట్టుకుని నిలబడ్డాను. దణ్ణం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు.